నాయన మీసం, గానుగ నూనె

మా ఇంట్లో ఒక ట్రిమ్మర్ ఉంది. దాన్ని చేసినవాళ్లను తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. డబ్బా మీద ఒక కుర్రాడు గడ్డం నిమురుకుంటూ నవ్వుతుంటాడు. పక్కనే కొళాయి బొమ్మ. అంటే నీళ్ల కింద పెట్టి కడుక్కోవచ్చని. ఏ ఊరి నీళ్లు? మా బోరు నీళ్లు బకెట్లో నిలిస్తే అంచున సున్నం కొట్టినట్టు తెల్లటి పెచ్చు కడుతుంది. అంత సన్నటి ఇనుప పళ్లను ఆ నీళ్ల కింద పెట్టమన్నవాడు ఒక్కసారైనా అనంతపురం వైపు వచ్చి మొహం కడుక్కున్నాడా? డబ్బాలో రకరకాల ప్లాస్టిక్ దువ్వెనలు, వాడేది మాత్రం ఒకటే. బ్యాటరీ లోపలే అతికించేశారు. అది పోతే మిషనూ పోయినట్టే. వాడే విధానం రాసిన కాగితంలో చీమ తలకాయలంత అక్షరాలు, నాలుగైదు భాషలు. తెలుగు లేదు.

ఇంత కోపం ఎందుకంటే, దానివల్ల మా నాయన మీసం పోయింది.

తుంటి ఆపరేషన్ అయినాక నాయన సెలూన్ మెట్లు ఎక్కలేకపోయినాడు. పిలిస్తే సెలూనాయన ఇంటికే వచ్చేవాడు. వద్దన్నది నేనే. వీడియోలు చూసి ఆ పని నాకూ వచ్చేసిందనుకున్నాను. వాకిట్లో కుర్చీ వేసి, మెడ చుట్టూ టవల్ కట్టి మొదలుపెడితే, "మెల్లగప్పా, గొర్రెకు బొచ్చు తీసినట్టు తీయొద్దు" అనేవాడు నాయన. కొన్నాళ్లు బాగానే జరిగింది.

తర్వాత మిషన్ వెంట్రుకలను కత్తిరించకుండా పట్టి లాగడం మొదలుపెట్టింది. కాగితంలో బ్లేడు మీద చుక్క పడుతున్న బొమ్మ ఉంది. నూనె వేయమన్నమాట. డబ్బాతో వచ్చిన చిన్న సీసా ఎక్కడ పెట్టానో గుర్తులేదు. మా ఇంట్లో నూనె అంటే మా చేలో పండిన వేరుశనగను గానుగ ఆడించిన నూనే. కూరకు అదే, కిర్రుమనే తలుపుకు అదే, కాలి పగుళ్లకు అదే. ట్రిమ్మర్‌కూ అదే వేశాను. జుయ్యిమని తిరిగింది. ఇక వాడినప్పుడల్లా ఒక చుక్క వేస్తూ వచ్చాను.

మా చెల్లెలి కూతురి నిశ్చితార్థం మడకశిర దగ్గర. మా వైపు నుంచి తాంబూలం పళ్లెం అందించాల్సిన పెద్దమనిషి మా నాయనే. ఆ పొద్దున మీసం కొసలు సరిచేయమని కూర్చున్నాడు. తెల్లటి గుబురు మీసం. నేను చూసినంత కాలం ఆ మొహం మీద ఉన్నది. మిషన్ మధ్యలో ఇరుక్కుని వెంట్రుకలు పట్టుకుంది. "సచ్చినానప్పా!" అని నాయన తల విదిలించినాడు. అప్పుడే అది ఒక్కసారిగా కదిలింది. ఎడమ పక్క మీసం టవల్ మీద రాలింది.

నా భార్య వచ్చి చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో మామా! ఈ మొగంతో శుభకార్యానికి ఎట్ల పోతావు?"

మాలో మగవాడు మీసం తీసేది తల్లో తండ్రో పోయినప్పుడే. మీసం లేని పెద్దమనిషిని చూస్తే ఎవరైనా చావు గురించే అడుగుతారు.

నాయన చాలాసేపు అద్దం చూసుకున్నాడు. "సగం పెట్టుకొని యాడికి పోయేది? తీసెయ్."

మామూలు రేజరుతో మిగతాది తీశాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. నాకు తట్టుకోవడం కాలేదు. "నీకు తోడుగా నేనూ తీసుకుంటా నాయనా" అన్నాను.

నాయన కళ్లు తెరిచినాడు. "ఏమప్పా, నేనింకా బతికే ఉండానే! అప్పుడే నా దినాలు చేస్తావా?"

పెళ్లికొడుకు ఇంట్లో చాప మీద కూర్చున్నామో లేదో గుసగుసలు మొదలైనాయి. చావు అంటు ఉన్నవాళ్ల చేతినుంచి తాంబూలం ఎట్లా తీసుకునేదని ఒక ముసలమ్మ పళ్లేలు పక్కకు జరిపించింది. చెల్లెలి మొహంలో నెత్తురు చుక్క లేదు. చివరికి పెళ్లికొడుకు తాత గొంతు తగ్గించి అడిగినాడు. "ఎవరు పోయినారు బావా?"

"ఎవరూ పోలేదు" అని నాయన ఇల్లంతా వినబడేటట్టు చెప్పినాడు. "నా కొడుకు మిషన్ తెచ్చినాడు. పోయింది నా మీసమే."

ఆ తాత తన మీసం మీద చేయి వేసుకున్నాడు. "అట్లయితే నీ కొడుకును నాకు దూరంగా కూచోబెట్టు." ఇల్లంతా నవ్వింది. పళ్లేలు మళ్లీ ముందుకొచ్చినాయి. పళ్లెం పట్టుకున్న నాయన మాత్రం నవ్వలేదు.

ఇంటికొచ్చి, కంపెనీకి ఫొటోలతో ఫిర్యాదు పెడదామని బ్లేడు ఊడదీశాను. కనరెక్కిన వేరుశనగ నూనె వాసన గుప్పుమంది. నూనె జిగురై, మా ఊరి దుమ్ము పట్టి, బెల్లం పాకంలా గట్టిపడింది. అందులో నాయన తెల్ల వెంట్రుకలు. ఇక ఫొటో తీయలేకపోయాను. కొళాయి బొమ్మ వేసినవాళ్ల మీద నా కోపం ఈరోజుకీ తగ్గలేదు. కానీ ఆ నూనె వాళ్లు పోయలేదు. రాని పని వచ్చనుకుని నాయన మొహం మీద మిషన్ పెట్టింది నేను.

జిగురంతా గీకి, పాత బ్రష్షుతో దులిపి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేశాను. నీళ్లు తగలనివ్వడం లేదు. ఇప్పుడది కొత్తదానిలా తిరుగుతోంది. దాన్ని చూస్తే మరీ కోపం వస్తుంది.

నాయన మీసం మళ్లీ గుబురైంది. దాన్ని సరిచేయడానికి సెలూనాయన ఇంటికొస్తాడు. నిన్న నాయన నన్ను పిలిచి, మెడ వెనక మాత్రం తీయమని కుర్చీలో కూర్చున్నాడు. నేను మిషన్ తీసేసరికి అరచేత్తో మీసాన్ని మూసేసుకున్నాడు.

"ఊఁ, కానీ" అన్నాడు, చేయి తీయకుండానే.