పారబోసిన నీళ్ళు

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

చాలా ఏళ్ళుగా నా గురించి ఒక మంచి మాట మా ఊళ్ళో తిరుగుతోంది. అది చెవిన పడ్డప్పుడల్లా అక్కడినుంచి లేచిపోవాలనిపిస్తుంది. తిట్టినా ఓర్చుకోవచ్చు. కానీ చేయని మంచికి నలుగురూ పొగుడుతుంటే, తల దించుకుని, మొహమాటపడుతున్నట్టు నటిస్తూ నిలబడటం ఎంత రోతగా ఉంటుందో అలా నిలబడ్డవాడికే తెలుస్తుంది. నేను నిలబడ్డాను. ఒకసారి కాదు.

మాది తమిళనాడులో, వేలూరు దగ్గర గుడియాత్తం. లుంగీల వ్యాపారం. మా వీధిలోనే చెంగల్రాయన్న ఉండేవాడు. బడిలో డ్రాయింగు మాస్టరు. రక్తసంబంధం లేకపోయినా నాకు సొంత అన్న కంటే ఎక్కువ. ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, మెడ దగ్గర పౌడరు. కొండలన్నా చెట్లన్నా పిచ్చి. అడవిలో నడిచి, కనబడిన చెట్టునూ పిట్టనూ బొమ్మ గీసుకుని తెచ్చే చిన్న గుంపును ఆయనే కూడగట్టాడు. ఆయన, నేను, మందులషాపు భాస్కర్, వాడి తమ్ముడు దాము. మొదట్లో చుట్టుపక్కల గుట్టలే ఎక్కేవాళ్ళం. తర్వాత అనుమతి తీసుకుని, పేర్ణాంబట్టు అవతలి అడవిలో గుడారం వేసుకుని కొన్నాళ్ళు ఉందామని బయల్దేరాం. అంత లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి.

అక్కడ అన్న సీసాలో నీళ్ళు అయిపోతే ఒక మడుగులో దోసిలి పట్టి తాగాడు. వద్దంటే నవ్వాడు. మర్నాడు పొద్దున్నే మొదలైంది. వాంతులు, విరేచనాలు. ఎండ ఎక్కేసరికి లేచి నిలబడలేకపోయాడు. ఫోన్లకు సిగ్నల్ లేదు. ఏనుగులు తిరిగే దారి కాబట్టి ఒంటరిగా ఎవరూ వెళ్ళకూడదు. అన్నదమ్ములిద్దరూ రోడ్డుదాకా వెళ్ళి మనుషుల్నీ బండినీ తేవాలని, నేను అన్న దగ్గర ఉండాలని అనుకున్నాం. భాస్కర్ పెద్ద గిన్నెలో నీళ్ళు కాచి, చల్లార్చి, ఉప్పూ చక్కెరా కలిపి పెట్టాడు.

"గుక్క గుక్కగా పోస్తానే ఉండు. కక్కినా సరే, మళ్ళా పొయ్యి. నిలపద్దు" అన్నాడు.

సరేనన్నాను. మనసారా అన్నాను. ఇది ఎందుకు చెబుతున్నాను? చెడ్డబుద్ధితో మొదలుపెట్టలేదని మీకు తెలియాలనా? ఏమో. ఇదీ నన్ను నేను కాపాడుకోవడమేనేమో.

వాళ్ళు వెళ్ళిన కాసేపటికి అన్న పంచె తడిసింది. తుడిచాను, కడిగాను, పంచె మార్చాను. నీళ్ళు పోశాను. కక్కాడు. మళ్ళీ పోశాను. మళ్ళీ పంచె తడిసింది. మళ్ళీ కడిగాను. ఈసారి నా చేతులకు అంటింది. వేళ్ళ సందుల్లో, గోళ్ళలో. బియ్యం కడిగిన నీళ్ళలా పలచగా పోతోంది, కానీ ఆ కంపు గుడారంలో గోడ కట్టినట్టు నిలబడిపోయింది. ఈగలు ఆయన పెదాల మీద వాలుతున్నాయి. తోలుకునే ఓపిక ఆయనకు లేదు. ఆయన మెడ దగ్గర పౌడరు చెమటకు ఉండలు కట్టి ఉంది. అది చూస్తే నాకు జాలి కలగాలి. కలగలేదు. అసహ్యం వేసింది. ఇంత శుభ్రంగా తిరిగే మనిషి లోపల ఇంత ఉందా అని, ఆయనేదో నన్ను మోసం చేసినట్టు, కోపం కూడా వచ్చింది.

అప్పుడు నా బుర్రలోకి ఒక ఆలోచన వచ్చింది. ఎవరూ చెప్పలేదు. అది నాదే.

లోపలికి పోతేనే కదా, బయటికి వచ్చేది.

అంతే. అంత చిన్న లెక్క. నీళ్ళు ఇవ్వకపోతే కడగక్కర్లేదు. కాసేపు కడుపుకు విశ్రాంతి ఇస్తే ఆయనకే మంచిదని కూడా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ మాటను అప్పుడైనా నమ్మానా? నమ్మలేదు. భాస్కర్ చెప్పింది నా చెవుల్లో ఉంది.

గుడారం బయటికి వచ్చి, గాలి అటునుంచి రాని చోటు చూసుకుని, ఒక చెట్టుకింద కూర్చున్నాను. వీపు గుడారం వైపు పెట్టాను. అన్న పిలిచాడు. "నాయనా... నీళ్ళు." మెల్లగానే పిలిచాడు, కానీ ఆ అడవిలో అంత మాత్రం గొంతు వినబడకుండా ఉండదు. లేవలేదు. కాసేపయ్యాక మళ్ళీ పిలిచాడు. నా పేరు పెట్టి పిలిచాడు. నేను ఒక పుల్ల తీసుకుని గోళ్ళలో ఉన్నది గీక్కుంటూ కూర్చున్నాను. తర్వాత పిలవడం ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. దీన్ని దాచను. హమ్మయ్య అనే అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా కిందనుంచి దాము ఈల వేశాడు. అప్పుడు లేచాను. గుడారంలోకి వెళ్తే గిన్నె దాదాపు నిండుగా ఉంది. అన్న కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, నాలుక చెక్కలా ఎండిపోయింది. నా చేతులు ముందు ఎటు వెళ్ళాయో తెలుసా? ఆయన నోటి దగ్గరికి కాదు. గిన్నె దగ్గరికి. దాన్ని ఎత్తి గుడారం వెనక రాళ్ళ మీద పారబోశాను. అడుగున కాస్త ఉంచి, ఆ కాస్తతో గుడ్డ తడిపి ఆయన కాళ్ళు తుడవడం మొదలుపెట్టాను. నా ఉతికిన లుంగీ తీసి ఆయనకు చుట్టాను. వాళ్ళు వచ్చి చూసింది అదే. ఖాళీ గిన్నె, కాళ్ళు తుడుస్తున్న నేను. దాము ఏడ్చేశాడు. "కన్నకొడుకు గూడా ఇట్ల చెయ్యడన్నా" అన్నాడు.

వేలూరులో ఆసుపత్రికి చేర్చాం. డాక్టరమ్మ నన్నే అడిగింది, ఎన్ని నీళ్ళు తాగారని. "గిన్నెడూ పోశానండీ. అంతా కక్కేశాడు" అన్నాను. ఆవిడ రాసుకుంది. అన్న బతికాడు. మూత్రపిండాలు కోలుకోలేదు. ముందునుంచీ షుగరు ఉంది, దాని పని కూడా అయ్యుండొచ్చని అన్నారు. ఆ మాటను నేను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, రాత్రీ పగలూ అదే వల్లించుకున్నాను. అయ్యుండొచ్చు. నేను నీళ్ళు పోసినా ఇలాగే అయ్యుండొచ్చు. కాకపోయుండనూ వచ్చు. తెలుసుకునే దారి లేకుండా రాళ్ళ మీద పారబోసింది నేనే.

అప్పటినుంచీ ఆయన వారానికి రెండుసార్లు గుడియాత్తం నుంచి వేలూరికి డయాలసిస్‌కు తిరిగాడు. చాలాసార్లు తోడు నేనే వెళ్ళాను. దాన్నీ జనం నా మంచితనంలోనే వేశారు. మా గుంపు పెద్దదైంది. ఒక కూడికలో భాస్కర్ నాకు శాలువా కప్పాడు. మాట్లాడమన్నారు. మాట్లాడాను. ఈగలు తోలుతూ కూర్చున్నానని చెప్పాను. అది ఎవరూ అడగలేదు, నేనే కలిపాను. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఇప్పుడు తలుచుకుంటే నా నాలుకను నేనే పీకి పారేయాలనిపిస్తుంది.

ఒకరోజు డయాలసిస్ అయ్యాక ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చున్నాం. అన్న ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ పొద్దు అడివిలో నేను నీళ్ళడిగితినా నాయనా?"

"లేదన్నా. నీకు తెలివే లేదు కదా."

"పిలిచినట్టే ఉండాది నాకు. నువ్వు చెట్టుకింద కూసోనుంటివి. నీ వీపు కనపడ్తా ఉండె."

"అంత నీరసంలో ఏమేమో కనపడ్తుందిలే అన్నా."

కాసేపు నా ముఖంలోకి చూశాడు. "అట్లనే ఉంటాది" అన్నాడు. తర్వాత నా భుజం పట్టుకుని లేచి, "పద, బస్సు పోతాది" అన్నాడు.

ఆయనకు తెలుసా? తెలిసే నా భుజం పట్టుకున్నాడా? లేక నిజంగానే నా మాట నమ్మి, తన జ్ఞాపకాన్నే తప్పనుకుని పోయాడా? రెండోదే ఎక్కువ భయం నాకు. ఆయన దగ్గర మిగిలిన ఆ ఒక్క నిజాన్నీ నేనే లాక్కున్నట్టు అవుతుంది.

పోయిన వానాకాలంలో అన్న పోయాడు. కర్మ రోజున ఆయన భార్య సులోచనక్క, కొడుకులు కూర్చున్న పంక్తిలో నాకు మొదటి ఆకు వేయించింది.

"వీళ్ళు బెంగుళూరులో ఉండిరి. ఆయప్పది ఎత్తి పోసింది నువ్వు. నువ్వు ముందు కూసో నాయనా" అంది.

చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి ఆగానని మీతో అనవచ్చు. అది అబద్ధం. పంక్తిలో అందరూ ఉన్నారని ఆగాను. కూర్చున్నాను. తిన్నాను. వడ రెండోసారి కూడా వేయించుకున్నాను. అన్నం ముద్ద గొంతు దిగుతుంటే వాంతి వస్తుందేమో అనుకున్నాను. అదీ రాలేదు. హాయిగా అరిగింది.

సులోచనక్క దీన్ని చదవదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ ఆమెకు గానీ కొడుకులకు గానీ తెలుగు అక్షరాలు రావు. భాస్కర్‌కూ దాముకూ రావు. నేను అమ్మమ్మ ఊళ్ళో, పలమనేరు వైపు, చిన్నప్పుడు చదువుకున్నాను కాబట్టి నాకు వచ్చు. అరవంలో రాసి ఉంటే మా వీధిలో ప్రతి ఒక్కరూ చదివేవాళ్ళు. నాకు అరవం బాగానే వచ్చు. అయినా తెలుగులో రాస్తున్నాను. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఒప్పుకునేటప్పుడు కూడా, ఆ రోజులాగే, గాలి అటునుంచి రాని చోటు చూసుకునే మనిషిని నేను.

మీరు నన్ను క్షమించాలని అడగను. అది మీ చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి పోయాడు. సులోచనక్కకు ఎప్పటికైనా చెబుతానని మాట ఇవ్వను, ఇస్తే అదీ ఒక శాలువా అవుతుంది. జరిగింది జరిగినట్టు రాశాను. ఆయన అడిగాడు, నేను విన్నాను, ఇవ్వలేదు. రోత తగ్గలేదు. అయినా ఆ రోజు గురించి నేను ఎన్నోసార్లు, ఎంతోమందికి చెప్పాను కదా, అబద్ధం కలపకుండా చెప్పింది మాత్రం ఇదే మొదటిసారి. అంతమట్టుకు ఊపిరి ఆడుతోంది.