తాళం వేసిన ఇంట్లో నీళ్లు

మా ఊళ్లో ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు నవ్వేది నేనే. రెండు పూటలు కడుపునిండా తిండి పెట్టి ఒక పూట నిద్రపోనివ్వండి, ఏ దయ్యమైనా అదే దిగిపోతుంది అనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. ఇది దయ్యం కథ అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీకేమనిపిస్తే అదే అనుకోండి.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. మా ఆయన వేటకు వెళ్లేవాడు. మా పల్లెలో మగవాళ్లు వలలు మోస్తారు, చేపల తట్టలు మోస్తారు, నీళ్ల బిందె మాత్రం ముట్టుకోరు. అదేదో పరువు తక్కువ. మా పదేళ్ల కాపురంలో గొడవలు సగం ఆ బిందె దగ్గరే. బోరింగు దగ్గర అరగంట నిలబడి నేను నీళ్లు మోసుకొస్తుంటే ఆయన అరుగు మీద కూర్చుని వల బాగు చేసుకునేవాడు. ఒళ్లు మండిపోయేది నాకు.

తర్వాత ఆయన అండమాన్ వెళ్లాడు, అక్కడ బోట్ల మీద పని బాగుందని. పోర్ట్‌బ్లెయిర్‌లో ఇల్లు చూసి నన్నూ పాపనూ తీసుకెళతానన్నాడు. ఆఖరిసారి ఫోన్ చేసినప్పుడు ఇలా అన్నాడు: "ఇక్కడ పంపు నీళ్లు రోజూ రావే. వచ్చిన రోజు మగోళ్లే పట్టీసుకుంటారు. నువ్వు రా, నీళ్లు నానే పట్టి పెడతాను."

నేను ఫక్కున నవ్వాను. "నీ మొహం, బిందె ఎలా పట్టుకోవాలో కూడా తెల్దు నీకు" అన్నాను. మా ఇద్దరి మధ్యా అదే చివరి మాట. నాలుగు రోజులకు బోటు తిరగబడింది. ముగ్గురు ఈది ఒడ్డుకొచ్చారు. ఆయన రాలేదు. మాకు చూపించడానికి కూడా ఏమీ దొరకలేదు.

రెండేళ్లు ఊళ్లోనే ఉన్నాను. నాకు కుట్టుపని వచ్చు. అండమాన్‌లో ఆ పని దొరుకుతుందట అని చెప్పి ఒకనాడు నేనే బయల్దేరాను. అందరూ పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. నిజం చెప్పాలంటే పని ఒక సాకు. ఆయన చివరగా నడిచిన రోడ్లు నా కళ్లతో చూడాలని ఉండేది. ఏడేళ్ల పాపను తమ్ముడి దగ్గర వదిలాను. బడులు తెరిచేలోపు ఇల్లూ పనీ కుదిరితే వాడు పాపను తీసుకొస్తాడు, కుదరకపోతే నేనే తిరిగి వెళ్లిపోవాలి. అదీ ఒప్పందం. ఎన్ని రోజులో వేళ్లతో చూపించమంది పాప. నా వేళ్లు చాలలేదు.

వచ్చిన మొదటి ఆదివారం బోట్లు ఆగే జెట్టీకి వెళ్లాను. అక్కడంతా తెలుగే వినిపించింది, అచ్చం మా ఊరి యాస. ఎవరినీ ఏమీ అడగలేకపోయాను. సిమెంటు దిమ్మ మీద కాసేపు కూర్చుని వచ్చేశాను.

అద్దెకని లంబాలైన్ పేటలో మూడు ఇళ్లు చూశాను. ప్రతిచోటా ఒకటే ప్రశ్న, మగమనిషి ఎక్కడని, "ఆదమీ కహా హై?" లేడు అంటే తలుపు సగం మూసేసేవాళ్లు. చివరికి ఊరి శివారు గరాచర్మలో ఒక తెలుగావిడ తన ఇంటి వెనక గది, వంటిల్లు చూపించింది. తండ్రి కాలంలో వచ్చి స్థిరపడిన కుటుంబం. అందరూ దీదీ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. ఆమె నన్ను పేరు పెట్టి దేవీ అనేది. మనసులో ఏదీ దాచుకోని మనిషి.

"నెల్లాళ్లు చూస్తాను. నా ట్యాంకు నీళ్లు అడక్కూడదు, మగోళ్లు రాకూడదు. మంజూరైతే సామాన్ దించీ" అంది. దించాను.

అబర్డీన్ బజార్‌లో ఒక టైలరింగ్ షాపులో పని దొరికింది. అదీ పూర్తిగా కాదు. స్కూలు యూనిఫారాల సీజను, కొన్నాళ్లు చేతిపని చూసి ఉంచుకుంటానన్నాడు షాపాయన. ఒక్క రోజు మానినా మళ్లీ రావద్దన్నాడు. తొమ్మిదికల్లా షాపులో ఉండాలి. గరాచర్మలో గేటు దగ్గరి పంపులో నీళ్లు వచ్చేది రెండు మూడు రోజులకోసారి, అదీ పదింటికి. మొదటి నీళ్ల రోజునే నా పరిస్థితి అర్థమైంది. నీళ్ల కోసం ఉండిపోతే పని పోతుంది. పనికి పోతే నీళ్లుండవు, దీదీని అడిగితే ఇల్లు పోతుంది. నీళ్ల కోసం కొన్న ఖాళీ డ్రమ్ము వంటింట్లోనే వదిలి, ఊరి నుంచి తెచ్చుకున్న తాళం వేసి బస్సెక్కాను. దానికి చెవి ఒక్కటే, దారానికి కట్టి మెడలో వేసుకునేదాన్ని.

సాయంత్రం రెండు సీసాల నీళ్లు కొనుక్కుని వచ్చాను. తలుపు తీసేసరికి డ్రమ్ము నిండుగా ఉంది. మూత లేని డ్రమ్ము అది. దాని మీద నా పాత తువ్వాలు కప్పి, నా సామాను కట్టిన నైలాను తాడుతో చుట్టూ కట్టి ఉంది. దీదీయే ఎలాగో పట్టి పెట్టిందేమో, పోనీలే మంచిదే అనుకుంటూ ముడి విప్పాను. విప్పాక చేతిలో తాడు వంక మళ్లీ చూశాను.

ఆయనది ఎడమచేతి వాటం. ఆయన వేసే ముడి అందరి ముడికీ తిరగబడి ఉండేది, ఎడమ కొస లాగితేనే ఊడేది. వేట నుంచి వచ్చిన అన్నం గిన్నె మూటలు పదేళ్లు విప్పిన వేళ్లు నావి. చూడకుండానే ఎడమ కొస లాగాయి.

ఎవరో కిటికీలోంచి పైపు పెట్టి నింపారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మర్నాడు పొద్దున్నే కిటికీ బయట నిలబడి, ఊచల్లోంచి చెయ్యి పెట్టి చూశాను. పైపైతే అందుతుంది. చెయ్యి అందదు, డ్రమ్ము ఇంకా రెండు మూరల అవతల ఉంది. నా తాళానికి ఇంకో చెవి లేదని నాకు ముందే తెలుసు.

రెండో నీళ్ల రోజూ అంతే జరిగింది. కానీ ఈసారి నేను వచ్చేసరికి దీదీ గేటు దగ్గరే నిలబడి ఉంది.

"లోపల ఎవడున్నాడే? ఝూట్ చెప్పకు దేవీ. మగ మనిషి దగ్గు నా చెవులతో విన్నాను."

తాళం చూపించాను. పాప మీద ఒట్టు వేశాను. చివరికి నోరు కూడా పెంచాను. ఆమె నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? ఆమె స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

"ఈపాలి నీళ్లొచ్చే రోజు చాబీ నాకిచ్చీ. గుమ్మం కాడ నానే కూకుంటాను. లోపల ఎవడైనా ఉన్నాడా, శామ్‌కి, పొద్దుగూకీసరికి, నీ సామాన్ రోడ్డు మీదుంటాది."

అప్పటికి బడులు తెరవడానికి వారం కూడా లేదు. పాప కొత్త సంచీ సర్దుకుని కూర్చుందని తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. నీళ్ల రోజున దీదీ చేతిలో చెవి పెట్టి షాపుకు వెళ్లాను. ఆ రోజు ఒక చొక్కాకి కాలరు తిరగేసి కుట్టాను. ఏం తిట్లు తిన్నానో కూడా గుర్తులేదు.

తిరిగొచ్చేసరికి దీదీ ఇంకా కుర్చీలోనే ఉంది. చెవి గుప్పిట్లోనే ఉంది. నన్ను చూసి లేచి, "నువ్వే తియ్యి" అంది. తీశాను. లోపల ఎవరూ లేరు. డ్రమ్ము నిండుగా ఉంది, తువ్వాలు తడిగా ఉంది. అదే ముడి.

"పానీ పడే చప్పుడు విన్నాను దేవీ. పైపేమో నా కుర్చీ కింద చుట్టి ఉంది. నేను లెగనేదు" అంది. ఆ మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడగా వినడం నాకు అదే మొదటిసారి.

అప్పుడు చెప్పాను, అక్కడే నేల మీద చతికిలబడి. ఆయన సంగతి, బిందె గొడవలు, ఫోన్‌లో అన్న మాట. నేను చెబుతుంటే ఆమె ఆ ముడినే చూస్తూ ఉంది, ముట్టుకోలేదు. చివర్లో కొంగుతో కళ్లు తుడుచుకుంది. "బచ్చీని తెచ్చీసుకో. ఈ ఘర్ నీదే. బయట ఎవలికీ చెప్పకు" అంది. ఆ వారంలోనే షాపాయన కూడా ఉండిపొమ్మన్నాడు.

పాప వచ్చేలోపు ఇంకో రెండు నీళ్ల రోజులు గడిచాయి. ఆ రెండు సాయంత్రాలూ నాకు ఎంత బాగున్నాయో చెప్పలేను. బస్సు దిగి పరుగు లాంటి నడకతో వచ్చేదాన్ని. వెంటనే ముడి విప్పబుద్ధయ్యేది కాదు, డ్రమ్ముకి ఆనుకుని కూర్చునేదాన్ని. "చూశావా, చేతనవును నీకు" అనేదాన్ని పైకే. భయం వేయలేదా అని అడుగుతారు. మొగుడు నీళ్లు పట్టి పెడితే భయమెందుకండీ?

విశాఖ ఓడలో తమ్ముడు పాపను తీసుకొచ్చాడు. తర్వాతి నీళ్ల రోజు అలవాటుగా డ్రమ్ము లోపలే వదిలి తాళం వేశాను. పాపను బడిలో దింపి షాపుకు వెళ్లాను. సాయంత్రం వచ్చి చూస్తే డ్రమ్ము ఖాళీ. తువ్వాలు దండెం మీదే ఉంది. పాప మట్టి చేతులతో నిలబడి నీళ్లేవి అంటోంది. నాకు ఏడుపు ఆగలేదు, నీళ్ల కోసం అనుకుంది పిల్ల.

దీదీ తన ట్యాంకులోంచి రెండు బకెట్లు తెచ్చిచ్చింది. "డ్రమ్ము గేటు కాడ పెట్టీసి వెళ్లాలే పిచ్చీ. ఇంటికాడ ఉన్నోళ్లు అందరికీ పట్టి పెడతారు" అంది. గరాచర్మలో మా వీధి అంతటికీ తెలిసిన పద్ధతే. నాకొక్కదానికే తెలియదు. ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు మరి.

ఇప్పుడు డ్రమ్ము గేటు దగ్గరే పెడతాను. పక్కింటివాళ్లు పడతారు, సెలవు రోజున నేను వాళ్లకు పడతాను. పాప హిందీ నేర్చుకుని నాతోనే దెబ్బలాడుతోంది. మాకు ఏ లోటూ లేదు.

కానీ ఒక స్టీలు బిందె కొన్నాను. నీళ్ల రోజున దాన్ని మాత్రం లోపలే ఉంచి, పక్కన తువ్వాలూ తాడూ పెట్టి తాళం వేస్తాను. బిందె మర్చిపోయావమ్మా అంటుంది పాప. మర్చిపోలేదులే అంటాను. సాయంత్రం చెప్పులు విడవకుండా ముందు దాని దగ్గరికే వెళతాను.

మా వైపు ఆడవాళ్లు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు. నేనూ ఏనాడూ పిలవలేదు. మొన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ ఖాళీ బిందెలోకి వంగి ఆయన పేరు పిలిచాను. నా గొంతే నాకు తిరిగి వినిపించింది.

ఏం జరిగిందో నాకు తెలియదు. దీదీకీ తెలియదు. చదువుకున్నవాళ్లెవరైనా ఇదీ కారణమని చెబితే బుద్ధిగా వింటాను, కాదనను. విని, మళ్లీ నీళ్ల రోజున బిందె లోపలే పెడతాను.