ఎర్ర చాయ్ కప్పుల మూలన ఒక బొటనవేలి ముద్ర

మా ఆయన వేలిముద్ర మ్యూజియంలో పెట్టే బొమ్మ మీద ఉందని చెబితే నేను పనిచేసే స్కూల్లో టీచర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. వాళ్లనీ తప్పు పట్టలేను. మా ఆయన సికింద్రాబాద్ మెట్టుగూడలో పెళ్లి శుభలేఖలు అచ్చేసిన స్క్రీన్ ప్రింటర్. పెళ్లికి ముందు ఆయన అక్కడ పనిచేస్తున్న రోజుల్లో, బొంబాయి నుంచి ఒక చిత్రకారుడు వచ్చి కొన్ని నెలలు ఆ షాపులోనే తన బొమ్మలు అచ్చేయించుకున్నారు. అగ్గిపెట్టెలు, పౌడరు డబ్బాలు, చాయ్ కప్పులు, ఇలా వీధిలో కనపడేవాటినే గోడంత పెద్దవి చేసి, దట్టమైన రంగుల్లో వరసలు వరసలుగా వేయడం ఆయన పద్ధతి. ఇప్పుడు పాప్ ఆర్ట్ అనగానే ముందుగా చెప్పుకునే పేరు ఆయనదే. మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ బొంబాయి సారే.

శుభలేఖల పనివాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. రంగు ఆరిందో లేదో చూడటానికి కాగితం అంచున బొటనవేలితో నొక్కుతారు. ఎలాగూ ఆ అంచు తర్వాత కోసేస్తారు కాబట్టి మరక పడినా నష్టం లేదు. ఎర్ర చాయ్ కప్పుల బొమ్మ మీద కూడా మా ఆయన కుడివైపు కింది మూలన అలవాటుగా నొక్కేశాడు. సారు తన బొమ్మల అంచులు కోయనివ్వరని ఆయనకు తెలీదు. షాపు యజమాని చెయ్యెత్తితే, సారే అడ్డుపడి "ఉండనీ" అన్నారట. ఈ కథ నేను కొన్ని వందలసార్లు విని ఉంటాను. "ఒకసారి వెళ్లి చూసొద్దామే" అని ప్రతిసారీ అనేవాడు. ఆ బొమ్మ ఎవరింట్లో ఉందో మాకేం తెలుసు, నవ్వేసి ఊరుకునేదాన్ని. ఆయన పోయి ఏడాది దాటాక, సారు జీవితకాలపు బొమ్మలన్నీ ఊరూరా తిరుగుతూ సికింద్రాబాద్ వచ్చాయని పేపర్లో పడింది. ఇంట్లో ఆయన ఫొటోలు బోలెడున్నాయి. కానీ ఫొటో ఇంకెవరో తీసింది. ఆ ముద్ర ఆయన తన చేత్తో పెట్టింది. దాన్ని ఒక్కసారి కళ్లారా చూడాలనిపించి, గుంటూరు నుంచి ఒక్కదాన్నే బయలుదేరాను.

తెల్లవారుజామున రైలెక్కితే భోజనాల వేళకు ముందే సికింద్రాబాద్‌లో దిగొచ్చు. స్టేషన్ ఒకవైపు కడుతూనే ఉన్నారు, బయటికి దారి రోజుకో రకంగా మారుతోంది, కాబట్టి బోర్డుల్ని నమ్ముకోకుండా పోర్టర్లను అడగండి. నేను ముందు మెట్రోలో ఒక్క స్టేషన్ వెళ్లి మెట్టుగూడలో దిగాను. పెద్ద ఖర్చేం కాదు. ఆయన చెప్పిన గుర్తుల ప్రకారం చర్చి దాటి, రెండో సందులోకి తిరిగాను. షాపు ఉండాల్సిన చోట టిఫిన్ సెంటర్ ఉంది. పెనం ముందున్నావిడను, ఇక్కడొక ప్రింటింగ్ షాపు ఉండేది కదండీ అని అడిగాను.

"మేమొచ్చి పదేండ్లయితుందమ్మా. అంతకు ముందు ఏముండెనో తెల్వది. కూసోండి, ఇడ్లీ వేడిగున్నయ్" అంది.

కూర్చుని తిన్నాను. అల్లం చట్నీ బాగుంది. ఆయన నిలబడి పనిచేసిన చోటు ఇదేనా, లేక ఆ పక్క గదా అని ఆలోచిస్తూ తింటే ఎన్ని ఇడ్లీలు తిన్నానో కూడా చూసుకోలేదు. ఆయన పక్కనుంటే వేలుపెట్టి చూపించేవాడు.

ప్రదర్శన బన్సీలాల్‌పేట్‌లో, బాగుచేసిన మెట్లబావికి దగ్గర్లో ఒక పాత గోదాములో పెట్టారు. మెట్టుగూడ నుంచి ఆటోకి నూట యాభై అడిగాడు, నూట ఇరవైకి ఒప్పుకున్నాడు.

"బొమ్మల కాడికా అమ్మా? మొన్న నేను సుత పోయిన" అన్నాడు డ్రైవర్. "చాయ్ కప్పులు, అగ్గిపెట్టెలు, గవే. ఇంట్ల ఉన్నవే తెచ్చి గోడకు పెట్టిండ్రు."

"ఆ చాయ్ కప్పులు మా ఆయన అచ్చేసినవేనండీ."

అద్దంలోంచి నన్ను జాగ్రత్తగా చూశాడు. "గట్లనా? అయితే మంచిగనే ఉన్నయమ్మా" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆ మాట ఇంటికి వెళ్లి చెప్పడానికి ఆయన లేడని గుర్తొచ్చేసరికి ఆ నవ్వు కాస్తా పోయింది.

టికెట్టు రెండు వందలు. లోపల సారు చిన్నప్పటి పెన్సిలు బొమ్మలతో మొదలై చివరి రోజుల పని దాకా వరసగా ఉంది, తీరిగ్గా చూస్తే రెండు గంటలు పడుతుంది. నేను తీరిగ్గా చూడలేదు. టికెట్ల దగ్గర అడిగి నేరుగా మూడో గదికి వెళ్లాను. ఎర్ర కప్పులు ఎదురుగోడ నిండా ఉన్నాయి. ఆ ఎరుపు నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో కూడా ఆయన గోళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని రంగు అదే. దగ్గరికి వెళ్లి కుడివైపు కింది మూల చూశాను. ముద్ర లేదు. అసలు అంచే లేదు. బొమ్మ చుట్టూ తెల్లటి అట్ట బిగించి, దాని మీద అద్దం, ఫ్రేము పెట్టారు. అంచంతా ఆ అట్ట కిందికి పోయింది.

ఎంతసేపు వంగి చూస్తున్నానో, మెడలో కార్డు వేసుకున్న ఒకావిడ వచ్చింది. ఇన్‌ఛార్జి తనేనట, యాప్రాల్‌లో ఉంటుందట. "ఏమైందాంటీ, ఏమన్న పరేషానా?" అని అడిగింది. అంతా చెప్పాను. ఒక్కసారి ఆ ఫ్రేము విప్పి చూపించమని బతిమాలాను కూడా.

"వద్దంటలేను ఆంటీ. గని ఇది మాది కాదు. ఎవరో వాళ్లింట్లది చూపెట్టనీకి ఇచ్చిన్రు, ఫ్రేముతోటే వచ్చింది. ఒక్క స్క్రూ సుత ముట్టొద్దు మేము." ఆమెకూ బాధగానే ఉన్నట్టుంది. తనూ నా పక్కన వంగి, "ఏ మూలకుంటదాంటీ?" అంది.

అద్దం ముట్టుకోవద్దని పక్కనే బోర్డుంది. నేను కింది మూలన, తెల్లటి అట్ట మీదుగా, ఆయన చెప్పిన చోట బొటనవేలు ఆనించాను. వేలు తీశాక అద్దం మీద నా ముద్ర మిగిలింది. ఆమె చేతిలో తుడిచే గుడ్డ ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.

"మీరు పోయినంక తుడుస్తా తియ్యుండ్రి, జెర కూసోండి" అంది.

ఎదురుగా ఉన్న బల్ల మీద మూసేవేళ దాకా కూర్చున్నాను. జనం వచ్చారు, కప్పుల ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు, వెళ్లారు. సాయంత్రం రైల్లో అనుమానం కూడా వచ్చింది, ఆ ముద్ర నిజంగా ఉందా, లేక నన్ను నవ్వించడానికి అల్లిన కథా అని. ఏదైనా సరే, ఆయన నోటితో ఇంకొక్కసారి వినాలనిపించింది. నల్గొండ దాటేదాకా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట. మధ్యాహ్నం స్కూలు పిల్లల రద్దీ ఉంటుంది, ఉదయమే వెళ్లండి. మీ ఇంటివాళ్ల చెయ్యి పడ్డ పని ఏదైనా అక్కడ చూడాలనుకుంటే మాత్రం, అది ఎక్కడుందో చూపించగలిగిన మనిషి ఉండగానే రెండు టికెట్లు తీసుకోండి.