ఎల్క్‌హార్న్ ఘాటు దిగే బండి

ఆర్డిత్ వోగెల్ కాపురం చక్రాల మీద. వంటిల్లు, పడకగది, స్నానాలగది, బట్టల అల్మారా, అన్నీ కలిపి ఒక పెద్ద ట్రైలర్. మొగుడు మెర్ల్‌తో కలిసి ఊళ్లో ఇల్లు అమ్మేసి అందులోకి మారినప్పుడు చుట్టాలందరూ నవ్వారు. నవ్విన వాళ్లలో సగం మంది ఇప్పుడు వృద్ధాశ్రమాల్లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఆర్డిత్ మటుకు తన పొయ్యి మీద తన కాఫీ తనే కాచుకుంటుంది.

ఎండాకాలమంతా వయొమింగ్ కొండల మీద, పైన్ చెట్ల మధ్య ఉన్న విడిదికి ఆమె కాపలా. వచ్చే వాళ్లకి చోటు చూపించడం, చెత్త తీయించడం, తాగి గోల చేసే వాళ్లని తిట్టి పడుకోబెట్టడం ఆమె పని. మంచు పడే ముందు విడిది మూసేస్తారు. అందరూ తమ తమ ట్రైలర్లని ట్రక్కులకి తగిలించుకుని ఎల్క్‌హార్న్ ఘాటు రోడ్డు మీదుగా కిందికి దిగిపోవాలి. మూడు వేల అడుగుల పల్లం, ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు.

ఆ ఏమీ లేని వైపుకే కిందటి శరత్కాలంలో మెర్ల్ పోయాడు.

ఆర్డిత్ ఆ రోజు తన చిన్న కారులో వెనకాలే వస్తోంది. ఇద్దరి దగ్గరా చెరో వాకీటాకీ ఉంది. ట్రైలర్ వెనక కిటికీకి ఆమె కుట్టిన ఎర్రపూల తెరలు ఉన్నాయి. అవి ఎడమకి ఊగాయి, కుడికి ఊగాయి. మళ్లీ ఎడమకి, ఈసారి ఇంకాస్త ఎక్కువగా. "ఏంటది?" అని అడిగింది. "ఏం లేదు పిల్లా, గాలి," అన్నాడు మెర్ల్. ఆయన ఆమెని యాభై ఏళ్లుగా పిల్లా అనే పిలిచేవాడు. ఆ తరవాత ట్రక్కు బ్రేకు దీపాలు వెలిగాయి, ట్రైలర్ ట్రక్కుని పక్కకి నెట్టింది, కొక్కెం విరిగింది, ట్రక్కు అంచు దాటింది. ట్రైలర్ మాత్రం పడకుండా రోడ్డుకి అడ్డంగా నిలబడిపోయింది. తలుపు తీసి చూస్తే అల్మారాలో ఒక్క పింగాణీ పళ్లెమైనా పగల్లేదు.

మనిషిని మింగిన బండి అన్నారు విడిదిలో జనం. అమ్మెయ్యమన్నారు. ఆర్డిత్ దాన్ని మళ్లీ కొండ మీదికి లాగించుకుని, చక్రాల కింద చెక్కలు పెట్టించి, చలికాలం చెల్లెలింట్లో గడిపి, ఎండలు రాగానే తిరిగొచ్చి అందులోనే ఉంది. "మింగింది బండి కాదు," అనేది. మరి ఏది మింగిందో మాత్రం చెప్పేది కాదు.

కదలకుండా నిలబెట్టిన ఆ ట్రైలర్ పట్టపగలు ఊగేది. బంగాళాదుంపలు తరుగుతూ ఉంటే ఎడమకి, కుడికి. గిన్నెలో నీళ్లు కదిలేవి కావు, ఆర్డిత్ ఒక్కతే కదిలేది. బల్ల అంచు పట్టుకుని అది ఆగేదాకా నిలబడేది. మిగిలిన ఒక వాకీటాకీ కిటికీలో ఉండేది. రెండోది లోయలో ఉంది. అప్పుడప్పుడు ఇది గరగరమనేది. పక్క విడిదిలో ఎవరో పిల్లలు ఆడుకుంటున్నారనుకునేది. పిల్లలు బడులకి వెళ్లిపోయాక కూడా గరగరమంటూనే ఉంది. ఆమె దాని బ్యాటరీ తీయలేదు.

అన్నింటికంటే చెడ్డది డెల్బర్ట్ బండి. మెర్ల్ తమ్ముడు డెల్బర్ట్ ఏటా చలికాలానికి పెళ్లాం కొలీన్‌తో, సొంత ట్రైలర్ లాక్కుని, వెచ్చగా ఉండే అరిజోనాకి పోతాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు, ఒకే దుకాణంలో, ఒకే రకం ట్రక్కు కొన్నారు. అదే ముదురు ఎరుపు, అదే ఇంజన్ చప్పుడు. డెల్బర్ట్ విడిదికి వచ్చినప్పుడల్లా, ఆ చప్పుడు విని ఆర్డిత్ చేతులు తుడుచుకుని గుమ్మంలోకి వెళ్లేది. వెళ్లాక గుర్తొచ్చేది. మనసుకి ఎన్నిసార్లు చెప్పినా చెవులకి బుద్ధి రాలేదు.

సెప్టెంబరు ఆఖరున ఒక మధ్యాహ్నం అలాగే వెళ్లింది. డెల్బర్ట్ దిగాడు.

"రేడియోలో విన్నావా ఆర్డీ? వచ్చేవారం మంచు. శుక్రవారం దింపేద్దాం."

"ఏ బండితో?"

"కళ్లకి కనిపించడం లేదా? దీంతోనే."

"ఇది మెర్ల్ బండి."

"నా బండి."

"ఒకే కడుపున పుట్టినవి. ఒకటి ఏం చేసిందో చూశాం కదా."

డెల్బర్ట్ మొహం గట్టిపడింది. "బండి ఏం చేసింది? గాలి కొట్టింది. అన్న నలభై ఏళ్లు ట్రైలర్లు లాగాడు. చెయ్యి తిరిగిన వాడు. నీ ట్రైలర్ కంటే పెద్దది లాగుతుందని తయారు చేసిన వాళ్లే రంగుల కాగితం మీద అచ్చేశారు. నువ్వేమో వాళ్లకంటే ఎక్కువ చదువుకున్నట్టు!"

ఆర్డిత్ చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. అంకెలు మాత్రం చదవగలదు. ట్రక్కు కొన్న కొత్తలో మెర్ల్ పెట్రోలు పోయిస్తుంటే ఆమె డ్రైవరు తలుపు తీసింది. ఆ తలుపు తగిలే స్తంభానికి పసుపు కాగితం ఒకటి అంటించి ఉంది. మనుషులు, సామాను, కొక్కెం మీద పడే బరువు, అన్నీ కలిపి ఇంతకి మించరాదు అని దాని మీద ఉంది. అది ఆమెకి చాలా తక్కువగా కనిపించింది. చూపిస్తే మెర్ల్ నవ్వాడు. "అది లాయర్లు అంటించిన కాగితం పిల్లా. భయపడే వాళ్ల కోసం." ఆ విడిదుల్లో మగవాళ్లందరూ అదే మాట అంటారు. ఎంత లాగుతుందో ఒకరికొకరు గొప్పలు చెప్పుకుంటారు. ఎంత మోస్తుందో, పల్లంలో ఎంత ఆపుతుందో ఒక్కడూ అడగడు.

ఇప్పుడు ఆ మాట పైకి అంటే, మొగుడు గాలికి కాదు, తను ఏరికోరి కొన్న బండి వల్ల చచ్చిపోయాడని అన్నట్టే. తమ్ముడి ముందు ఆ మాట నోట్లోంచి రాలేదు. అనకపోతే శుక్రవారం ఇంకో వోగెల్ ఆ అంచు మీదుగా వెళ్తాడు, వెనకాల తన ఇల్లు కూడా వెళ్తుంది.

"సరే," అంది. "ముందు కలప మిల్లు కాటా దగ్గరికి లాగు. దారంతా చదునే. తూచి చూద్దాం."

"తూస్తే నోరు మూసుకుంటావా?"

"చచ్చేదాకా."

డెల్బర్ట్ మర్నాడు పొద్దున్నే వచ్చి ముందుగా ట్రైలర్ కింద నీళ్ల తొట్టి మూత తిప్పబోయాడు. ఆర్డిత్ వాడి చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తున్నావ్?"

"నీళ్లు ఒంపేస్తున్నా. తూకానికి వెళ్లే ముందు అందరూ ఒంపేస్తారు."

"పెళ్లిచూపులకి పొట్ట బిగబట్టినట్టా? నేను నీళ్లు తాగకుండా బతుకుతున్నానా? మూసెయ్. ఎలా బతుకుతామో అలాగే తూద్దాం."

ట్రైలర్ ముందు వైపున్న పడక కింది చెక్క ఎత్తి చూపించింది. దాని నిండా రాళ్లు. ఎర్రచారల అగేటు రాళ్లు, రాయిగా మారిన చెట్ల ముక్కలు. మెర్ల్ ప్రతి వాగులోనూ ఏరినవి. ట్రైలర్ కొన్న రోజు ఖాళీగా తూయించి మురిసిపోయాడు. ఆ తరవాత ఏరిన వాటిని ఎప్పుడూ తూయలేదు. ఆర్డిత్ ఈ ఎండాకాలమంతా వాటి మీదే పడుకుంది.

"ఇవన్నీ ఇక్కడే ఉన్నాయా?" అన్నాడు డెల్బర్ట్ మెల్లగా.

"ఎక్కడికి పోతాయి? నడిచి వెళ్లడానికి కాళ్లున్నాయా?"

మిల్లు దగ్గర కాటా మనిషి మొదట ట్రక్కు వెనక చక్రాలని మటుకే పలక మీద నిలబెట్టమన్నాడు. కిటికీలోంచి అంకె చదివాడు. డెల్బర్ట్ మళ్లీ చదవమన్నాడు. మళ్లీ అదే. ఆ తరవాత ముందు చక్రాలు. అవి ఉండాల్సిన దానికన్నా తేలిగ్గా ఉన్నాయి. వెనక కుంగితే ముందు తేలుతుంది. ముందు తేలితే స్టీరింగ్ తిప్పినా చక్రం రోడ్డుని పట్టదు. ఇది ఎవరూ నోటితో చెప్పలేదు. డెల్బర్ట్ దిగి, తలుపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని పసుపు కాగితం చదివాడు. బరువు దాన్ని ఎప్పుడో దాటేసింది. చదివిన తరవాత కూడా లేవలేదు. ఆర్డిత్ వాడి మొహం చూడకుండా కలప దుంగలు లెక్కపెడుతున్నట్టు నిలబడింది.

కూర్చున్న చోటునుంచే వాడు, "రాళ్లు తీసేస్తే..." అన్నాడు.

"రాళ్లు తియ్యను. రేపు నీళ్లు తియ్యమంటావు, ఎల్లుండి నన్ను తియ్యమంటావు. బండే మారాలి."

కొండ మీద గొర్రెలు మేపే వాళ్లలో మైటే ఎచెవెర్రీ అని స్పెయిన్ వైపు నుంచి వలసొచ్చిన బాస్క్ జాతి ఆవిడ ఒకతె ఉంది. అరవై ఏళ్లు, మీసాలొచ్చిన మగవాడంత గొంతు. గొర్రెల మందని రెండంతస్తుల బండిలో ఎక్కించి, ఏటా రెండుసార్లు అదే ఘాటు ఎక్కీ దిగే మనిషి. ఆమె దగ్గర పాత ట్రక్కు ఒకటి ఉంది. పొడుగాటిది, వెనక ఒక్కోవైపు రెండేసి చక్రాలు, తెలుపు రంగు వెలిసి ఎముక రంగుకి వచ్చింది.

ఆర్డిత్ ఇంజన్ మూత ఎత్తమనలేదు. తలుపు తీసి, కళ్లద్దాలు పెట్టుకుని పసుపు కాగితం చదివింది. వంగి వెనక చక్రాల మీద బరువు మోసే ఇనుప పట్టీలు చూసింది. ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా అంగలేసి కొలిచింది. డెల్బర్ట్ దూరంగా కంచెకి ఆనుకుని నిలబడ్డాడు.

"ముసలిదానా, బండి కొంటున్నావా, గుర్రం కొంటున్నావా?" అంది మైటే.

"గుర్రమైతే పళ్లు చూసేదాన్ని. గొర్రెల్ని ఎక్కించు. ఆ పల్లంలో దింపి చూపించు. కాలు బ్రేకు మీద పెట్టకూడదు."

"పెట్టకుండానా?"

"లాగేది ఎలా ఉన్నా సరే. ఆపేది కావాలి నాకు."

మైటే ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని పల్లంలోకి దిగింది. ఒక మీట నొక్కింది. ఇంజన్ ఒక్కసారి గొంతు మార్చి, కిందికి జారే బరువునంతా వెనక్కి పట్టుకుంది. వెనక గొర్రెలు అరుస్తున్నాయి. బండి నడిచే మనిషిలా దిగింది. ఆర్డిత్ సీటు అంచు పట్టుకుని ఎదురుచూసింది, ఎడమకి, కుడికి. రాలేదు.

"నా మొగుడికంటే మాట వింటుంది," అంది మైటే.

"నీ మొగుడు బతికున్నాడుగా. అదే చాలు," అంది ఆర్డిత్. బేరం అక్కడే కుదిరింది.

శుక్రవారం ఆకాశం బూడిదరంగులో ఉంది. డెల్బర్ట్ నడుపుతానన్నాడు. "నా ఇల్లు నేనే దింపుకుంటా. నువ్వు ఖాళీ బండితో వెనక రా," అంది. వాకీటాకీని అలవాటుగా ఎదర అద్దం కింద పెట్టుకుంది.

ఘాటు మొదట్లోనే చిన్న గేరు వేసింది. పక్క అద్దంలో తన ట్రైలర్, దాని వెనక ముదురు ఎరుపు ట్రక్కు. మలుపు తిరిగినప్పుడల్లా అది కనిపించేది. వెనక నుంచి మెర్ల్ వస్తున్నట్టు ఉంది. అప్పుడు తను వెనక, ఆయన ముందు. ఇప్పుడు తిరగబడింది.

కొక్కెం విరిగిన మలుపు దగ్గర కొత్త ఇనుప కమ్మీ వేశారు. పాతవన్నీ తుప్పు రంగులో ఉంటే అదొక్కటే మెరుస్తోంది. అక్కడ వాకీటాకీ గరగరమంది. గరగర వెనక ఏదో ఉంది. ఊపిరి కావచ్చు, గాలి కావచ్చు. ఆర్డిత్ పాదం బ్రేకు వైపు వెళ్లింది. ఆ పల్లంలో, ఆ బరువుతో అక్కడ గట్టిగా తొక్కితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. చూసింది కూడా.

పాదం వెనక్కి తీసుకుంది. మీట నొక్కింది.

"నోరు మూసుకుని కూర్చుని చూడు," అంది వాకీటాకీ వైపు చూసి గట్టిగా. "నేను నడుపుతున్నాను."

ఇంజన్ గొంతు మార్చింది. ట్రైలర్ వెనకే వచ్చింది, నెట్టకుండా. కమ్మీ వెనకపడింది. గరగర కాసేపు ఉండి ఆగిపోయింది. ఆగినందుకు ఆమెకి ఊరట కలగలేదు.

కింద, లోయ మొదట్లో బళ్లు ఆపుకునే ఖాళీ జాగా ఉంది. అందరూ అక్కడ దిగి చక్రాల మధ్య ఇనుముకి చెయ్యి ఆనిస్తారు, బ్రేకులు కాలాయేమోనని. ఆర్డిత్ ఒక్కొక్క చక్రం దగ్గరికీ వెళ్లి అరచెయ్యి పెట్టింది. రొట్టె పొయ్యిలోంచి తీసి కాసేపైనంత వేడి. అన్నీ ఒకేలా ఉన్నాయి.

వెనక ఎవరూ లేరు.

పావుగంట దాటినా ఎర్ర ట్రక్కు రాలేదు. ఆర్డిత్ కొండ వైపు చూస్తూ నిలబడింది. మేఘం మొదటి మలుపులని కప్పేసింది. వోగెల్ మగవాళ్లందరూ ఆ మలుపు దగ్గర ఆగిపోవాలని రాసుందా అనిపించింది. బండి వెనక్కి తిప్పి ఘాటెక్కి ఎదురెళ్దామని మెట్టు మీద కాలు పెట్టేసరికి చప్పుడు వినిపించింది. అదే చప్పుడు. ఈసారి ఆమె చేతులు తుడుచుకోలేదు.

డెల్బర్ట్ పక్కకి తెచ్చి ఆపాడు. మోకాళ్లకి మట్టి అంటి ఉంది.

"కమ్మీ దగ్గర ఆగాను," అన్నాడు.

"తెలుసు."

"రంగుల కాగితం అన్నకి తెచ్చిచ్చింది నేనే ఆర్డీ. ఆయన పెద్ద బండి చూస్తున్నాడు. అంత దండగ ఎందుకు, ఇది లాగుతుందని చెప్పి చేయి పట్టుకుని ఆ దుకాణానికి తీసుకెళ్లాను."

ఆర్డిత్‌కి ఆ సంగతి తెలియదు. ఏడాదిగా మెర్ల్ ఒక్కడి మీదే కోపం పెట్టుకుని పడుకుంది. తిట్లు చాలా వచ్చు. ఒక్కటీ పనికి రాలేదు.

"కొలీన్‌తో కలిసి అరిజోనా పోవద్దు ఈసారి," అంది చివరికి. "మీ ట్రైలర్‌ని దాంతో లాగొద్దు."

డెల్బర్ట్ తల ఊపాడు. వెనక్కి వెళ్లి, పనిముట్ల పెట్టె తెరిచి, తన ట్రక్కుకున్న కొక్కెం మరలు విప్పడం మొదలుపెట్టాడు. తుప్పు పట్టినవి అంత తొందరగా రావడం లేదు. వంగి విప్పుతూనే ఉన్నాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. అది మర తిప్పడం వల్ల కాదు.

ఆర్డిత్ తన ట్రక్కెక్కి తలుపు వేసుకుంది. ఇంజన్ తిరుగుతూనే ఉంది. ఆపితే అక్కడ చప్పుడేమీ ఉండదు, వాడి ఏడుపు తనకి వినపడుతుంది, వినపడిందని వాడికి తెలుస్తుంది. అందుకని ఆపలేదు. చేతులు స్టీరింగ్ మీదే ఉంచి, మొదటి మంచు రేకులు అద్దం మీద పడి కరుగుతుంటే, వాడి పని అయ్యేదాకా అలాగే కూర్చుంది.