ఏ పక్షానికీ చెందని వాక్యం

మా మేనత్తను ఆఫీసులో అందరూ ఇస్త్రీపెట్టె అనేవారు, వెనకాలే లెండి. ఎంత ఆవేశంగా రాసిన పేజీ అయినా ఆవిడ చేతిలో పడితే మడతలన్నీ పోయి చదునుగా బయటికి వచ్చేది. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు ఏటా కొనే సమాచార గ్రంథం మా ఆఫీసు నుంచి వచ్చేది. అందులో "ఈ ఏటి ముఖ్య ఘటనలు" అనే భాగాన్ని ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆవిడే రాస్తోంది. నేను అక్కడే ప్రూఫులు దిద్దేదాన్ని. ఉద్యోగం ఇప్పించింది ఆవిడే. కానీ నా తప్పులు పట్టుకునేటప్పుడు మేనకోడలినన్న కనికరం మచ్చుకైనా ఉండేది కాదు.

ఆవిడ పద్ధతులు ఆవిడవి. "చారిత్రాత్మకమైన" అని ఎవరైనా రాస్తే ఎర్ర పెన్సిలుతో కొట్టేసేది. "దారుణమైన" అని రాసినా అంతే. ఏదైనా విషయం మీద దేశం రెండుగా చీలితే పేజీని రెండు నిలువు వరుసలు చేసి, ఒక పక్క వీళ్ళ మాట, ఇంకో పక్క వాళ్ళ మాట రాసేది. ఆ తర్వాత స్టీలు స్కేలు పెట్టి కొలిచేది. ఏ పక్క అర సెంటీమీటరు పొడుగున్నా కత్తిరింపు తప్పదు. ఇదేం పిచ్చి అని అడిగితే, "పరీక్ష రాసే పిల్లలకి నా అభిప్రాయం ఎందుకే? దానికి మార్కులెవరూ వెయ్యరు" అనేది.

పెద్ద నోట్లు ఇక చెల్లవని ప్రభుత్వం ఓ సాయంత్రం ప్రకటించిన ఏడాది అది. మా ఇంట్లో పొయ్యి వెలగకపోయినా ఆ చర్చ మాత్రం రగులుతూనే ఉండేది. మా ఆయన అది మంచి పని అనేవాడు, నేను కాదనేదాన్ని. ఎవరూ నెగ్గక ఇద్దరం అత్తయ్య దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఇద్దరి మాటా విని, చెరో గ్లాసు మంచినీళ్ళిచ్చి పంపించేసింది.

"నువ్వు గోడ మీద పిల్లివి అత్తయ్యా," అన్నాను నేను, ఒళ్ళు మండి.

"గోడ మీదుంటేనే కదే రెండిళ్ళూ కనిపించేది," అంది.

ఏడాది చివర ఆ పేజీ తయారైంది. ఎడమ పక్క ప్రభుత్వం చెప్పింది పదకొండు సెంటీమీటర్లు, కుడి పక్క విమర్శకులు అన్నది పదకొండు సెంటీమీటర్లు. మా యజమాని చదివి మురిసిపోయాడు. ఏటా మా పుస్తకం ప్రతుల్లో సగం ప్రభుత్వ గ్రంథాలయాలే కొంటాయి. "పాము చావకుండా కర్ర విరగకుండా రాశారమ్మా," అని వెళ్ళిపోయాడు.

పేజీని టైపు చేయడానికి ఇచ్చాం. మా దగ్గర టైపు చేసే అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి. మాట తక్కువ, పని ఎక్కువ. నెల క్రితం ఆమె తండ్రి పోతే పది రోజులు సెలవు పెట్టింది. గుండెపోటని చెప్పింది, అంతకు మించి మేమూ గుచ్చి అడగలేదు. ఆ రోజు ఆమె కీబోర్డు చప్పుడు మధ్యలో ఆగిపోయింది. కాసేపటికి కాగితం పట్టుకుని అత్తయ్య బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడం, ఒక మాట అడగనా?"

"అడుగు."

కుడి పక్క నాలుగో పంక్తి మీద వేలు పెట్టింది. బ్యాంకుల ముందు క్యూల్లో నిలబడి కొందరు చనిపోయారని విమర్శకులు అన్నారు, అని ఉందక్కడ.

"మా నాన్న అలాగే పోయాడు మేడం. నోట్లు మార్చుకోడానికి వెళ్ళి, బ్యాంకు మెట్ల దగ్గరే. నేను టిఫిన్ పట్టుకెళ్ళేసరికి కింద పడున్నాడు. ఇది విమర్శకుల మాట ఎలా అయింది? నేనెవర్నీ విమర్శించలేదే."

అత్తయ్య ఆ పంక్తిని మళ్ళీ చదివింది. దానికెదురుగా ఎడమ పక్క, ప్రజలు సహనంతో సహకరించారని ప్రభుత్వం చెప్పింది, అని ఉంది. రెండూ సరిగ్గా ఒకటే పొడుగు.

"నాదే తప్పు," అంది అత్తయ్య. ఆ మాట ఆవిడ నోట వినడం నాకదే మొదటిసారి. "అన్న మాటలైతే రెండు పక్కలా పెట్టి కొలవచ్చు. జరిగినదాన్ని తీసుకెళ్ళి ఒకళ్ళ ఖాతాలో వేశాను."

అమ్మాయి ముఖం కాస్త తేటపడింది. "అయితే ప్రభుత్వమే చంపిందని రాస్తారా?"

"రాయను. ముందు జరిగిందేమిటో నాకు తెలియాలి."

"నేను చెప్తున్నాగా మేడం."

"నువ్వు కూతురివమ్మా. నీ మాట ఒక్కటే చాలదు."

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకైతే అత్తయ్య నోరు మూసేయాలనిపించింది.

పేజీ ప్రెస్సుకు వెళ్ళడానికి నాలుగు రోజులుంది. ఆవిడ సెలవు పెట్టింది. మోకాళ్ళ నొప్పులతో ఒక్కతే ఏం తిరుగుతుందని నేనూ వెంట వెళ్ళాను. బ్యాంకు మేనేజరు తనకేమీ తెలియదన్నాడు. గేటు దగ్గర గార్డుకు మాత్రం అంతా గుర్తుంది, పెద్దాయన్ని ఆటో ఎక్కించింది అతనే. ఆస్పత్రి రికార్డుల గదిలో ఒక కిటికీ ఇంకో కిటికీకి పంపింది, ఆ కిటికీ మళ్ళీ మొదటిదానికి పంపింది. చివరికి గుమస్తా "రేపు రండి" అన్నాడు.

"తప్పకుండా వస్తాను బాబూ. తొమ్మిదికా, తొమ్మిదిన్నరకా?" అని అడిగి, అతను చెప్పిన టైము అతని ముందే నోటుపుస్తకంలో రాసుకుంది. మర్నాడు అతనికంటే ముందే వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. మూడో రోజుకి ఆ గుమస్తాయే కుర్చీ వేసి కాగితాలు చూపించాడు, ఈవిడ పీడ విరగడైతే చాలని కాబోలు.

నాలుగో రోజు పొద్దున అత్తయ్య రెండు నిలువు వరుసలకూ పైన, ఏ పక్కకూ చెందకుండా రాసింది: "నోట్లు మార్చుకోవడానికి ఉదయం ఆరు నలభై నుంచి బ్యాంకు ముందు క్యూలో నిలబడిన అరవై నాలుగేళ్ళ దర్జీ ఒకరు పదకొండు పది గంటలకు కుప్పకూలి మరణించారు. ఆయనకు రెండేళ్ళుగా గుండె జబ్బు ఉంది."

అమ్మాయి రెండో వాక్యం దగ్గర ఆగింది. "ఆ జబ్బు మాట తీసెయ్యండి మేడం. అదుంటే జబ్బుతోనే పోయాడంటారు."

"తీసేస్తే రేపు ఎవడో ఆస్పత్రి కాగితం పట్టుకొచ్చి మొత్తం అబద్ధమంటాడు. అప్పుడు మీ నాన్న నిలబడ్డ నాలుగున్నర గంటలు కూడా అబద్ధమే అవుతాయి."

నేను ఉండబట్టలేకపోయాను. "ఇస్త్రీ చేసీ చేసీ మనుషుల్ని కూడా కాలుస్తున్నావు అత్తయ్యా," అన్నాను. తన మారుపేరు తెలుసో లేదో గానీ ఆవిడ తలెత్తలేదు.

యజమాని వచ్చి ఆ వాక్యాలు చూశాడు. ఆయన ముఖంలో రంగులు మారాయి. "ఇవి ఇప్పుడు అవసరమా అమ్మా? లైబ్రరీల ఆర్డరు ఏమవుతుందో ఆలోచించారా?"

"ఆలోచించాను. ఇందులో అబద్ధమేదో చూపించండి, మీ ఎదురుగానే కొట్టేస్తాను. చూపించలేకపోతే ఉంచండి. ఉంచడం ఇష్టం లేకపోతే ఆ భాగం ఇంకొకరి చేత రాయించుకోండి, రేపట్నుంచి నేను రాను."

ఆయన మూడుసార్లు చదివాడు. "ప్రభుత్వం వల్ల అని లేదు కదా?"

"లేదు."

"ప్రభుత్వం వల్ల కాదనీ లేదు."

"అదీ లేదు."

"కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం," అని గొణుక్కుంటూ ఉంచమన్నాడు. ఆ ఏడాది గ్రంథాలయాల ఆర్డరు సగమే వచ్చింది. కారణం ఎవరూ చెప్పలేదు. నేను చెప్పబోతే, "నీ దగ్గర కాగితముందా?" అని అత్తయ్య నా నోరు నొక్కేసింది.

ఆ రోజుకి ఇక మిగిలింది టైపు చేయడమే. నేను చేస్తానన్నాను. అమ్మాయి వద్దంది. చాలాసేపు తెర వైపు చూస్తూ కూర్చుంది. జబ్బు మాట ఎగరగొట్టేస్తుందేమోనని నేను అనుకున్నాను, ఎగరగొట్టినా చూడనట్టే ఉందామనీ అనుకున్నాను. కాసేపటికి ప్రింటు తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండో వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఉంది.

"ఒక తప్పుంది మేడం," అంది. "ఆస్పత్రివాళ్ళు వయసు తప్పు రాశారు. నాన్నకి అరవై మూడే. అరవై నాలుగు రావడానికి అప్పటికింకా పంతొమ్మిది రోజులుంది."

"ఆధారముందా?" అంది అత్తయ్య.

అమ్మాయి సంచీలోంచి తండ్రి బడి సర్టిఫికెట్టు తీసి ఇచ్చింది. అడుగుతారని తెలిసే తెచ్చుకుంది. అత్తయ్య పుట్టిన తేదీ చూసి, వేళ్ళ మీద లెక్కపెట్టి, నాలుగు కొట్టేసి మూడు వేసింది.

"ఇంకేమైనా తప్పుందా అమ్మా?"

"లేదు మేడం. మిగతాదంతా జరిగిందే," అని ఆ అమ్మాయి కాగితం తీసుకుని తన కుర్చీ దగ్గరికి వెళ్ళింది.