డిక్కీ మీద ఒక్క పూత

బెలార్మీనో మాయెస్తాస్‌కు ఒక జబ్బుంది. మురికి కారు కనిపిస్తే చేతులు ఊరుకోవు. ఒకసారి ఆదివారం పూజ మధ్యలో లేచి వెళ్లి, బయట నిలబెట్టిన ఫాదర్‌గారి కారు మీది పిట్ట రెట్ట తుడిచి వచ్చాడు. ఇదేం పనయ్యా అని ఫాదర్ అడిగితే, "ప్రభువు ఆగుతాడు ఫాదర్, రెట్ట ఆగదు. ఎండెక్కితే పెయింటు తినేస్తుంది" అన్నాడు.

ఎస్పన్యోలా లోయలో అందరికీ అతను బెలో. పద్దెనిమిదేళ్లు కొండ మీది లాబొరేటరీలో నేలలు తుడిచాడు. నేల ఎంత మెరిసినా దానిలో మొహం చూసుకునేవాడు ఉండడని విసుగొచ్చి మానేశాడు. పాత వ్యాన్ ఒకటి కొని, దానిలో నీళ్ల ట్యాంకు, జనరేటరు, రెండు వందల మెత్తటి గుడ్డలు వేసుకుని ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాడు. కార్లు, మోటారు సైకిళ్లు కడుగుతాడు, పాలిష్ పెడతాడు, వాక్స్ పూస్తాడు. ఇక్కడి బావి నీళ్లు ఆరితే పెయింటు మీద తెల్ల మచ్చలు పడతాయి. అందుకని నీళ్లు కూడా తనే తెచ్చుకుంటాడు. ఎవరైనా మా పైపు వాడుకో అంటే, వాళ్లు తనను తిట్టినట్టు మొహం పెడతాడు.

ఆ ఏడు గుడ్ ఫ్రైడేకి రెండు రోజుల ముందు ఒదీలియా కింతానా ఫోన్ చేసింది. ఆమె భర్త డెల్ఫీనో పోయి ఐదు నెలలైంది. వాళ్ల కూతురికి బెలో జ్ఞానతండ్రి. ఆ బాప్తిస్మం రోజు నుంచీ అక్కడి వరసలో అతను ఆమెకు కొంపాద్రె, ఆమె అతనికి కొమాద్రె. డెల్ఫీనో ప్రాణమంతా అరవై నాలుగు మోడల్ ఇంపాలా మీదే ఉండేది. ముదురు చెర్రీ రంగు కారు, నేలకు జానెడెత్తున పోతుంది. గుడ్ ఫ్రైడే నాడు ఇలాంటి కార్లన్నీ వరసకట్టి, చిమాయో గుడికి నడిచి వెళ్లే భక్తుల పక్కన మెల్లగా సాగుతాయి. ఇంట్లో ఎవరైనా పోయుంటే వాళ్ల పేరు డిక్కీ మీద రాయిస్తారు.

"కారంతా నీ ఇష్టం కొంపాద్రె. డిక్కీ ఒక్కటే కడిగి వదిలెయ్. శుక్రవారం పొద్దున కార్ల మీద పేర్లు రాసే పెద్దాయన, డోన్ నసారియో, వచ్చి పేరు రాస్తాడు. వాక్స్ తగలకూడదని మరీ మరీ చెప్పాడు."

"వాక్స్ మీద రంగు నిలవదని నాకు చెప్పాలా కొమాద్రె! నేనేమన్నా నిన్న పుట్టానా?"

గురువారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బెలో ఆ కారుతోనే ఉన్నాడు. పని అయ్యాక పది అడుగులు వెనక్కి వేసి చూశాడు. బానెట్, తలుపులు, మడ్‌గార్డులు తళతళలాడుతున్నాయి. డిక్కీ ఒక్కటే, తలంటుకున్న పెళ్లికొడుక్కి మాసిన చొక్కా తొడిగినట్టుంది. వ్యాన్ ఎక్కాడు. దిగాడు. మళ్లీ ఎక్కాడు. చివరికి, ఒక్క పూత, ఉల్లిపొర మందాన, అనుకున్నాడు. నసారియో రాసే ముందు ఎలాగూ థిన్నర్ పెట్టి తుడుస్తాడు కదా అని తనకు తనే నచ్చజెప్పుకుని పూసేశాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా, సిగ్గులేని మనిషి.

శుక్రవారం ఏడింటికి నసారియో వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్లు, సోడాబుడ్డి కళ్లద్దాలు. లోయలో కార్ల మీద తిరిగే పోయినవాళ్ల పేర్లలో సగం ఆయన చేతివే. కిందటేడు ఎవరికో గీత వంకరపోయిందని పని మానేశాడు. ఒదీలియా రెండుసార్లు వెళ్లి బతిమాలితే, డెల్ఫీనో కోసం ఈ ఒక్కటీ అని ఒప్పుకున్నాడు. థిన్నర్ సీసా మూత తీయబోతూ బెలో వైపు చూశాడు.

"కడిగింది నువ్వేనట్రా?"

"నేనే డోన్ నసారియో."

"అయితే ఇంక తుడిచేదేముంది! నువ్వు కడిగిన బండి మా ఇంట్లో కంచం కంటే శుభ్రంగా ఉంటుంది." సీసా పక్కన పెట్టేశాడు.

చెప్పాల్సింది అప్పుడే. కానీ వద్దన్న మనిషి పక్కనే నిలబడి ఉంది. బెలో గుడ్డలు మడతపెట్టడంలో పడ్డాడు. పల్చటి పూతే కదా, నిలుస్తుందేమోలే అనుకున్నాడు.

నిలవలేదు. బంగారు రంగుతో నసారియో మొదటి అక్షరం నిలువు గీత దించాడు. బాగానే వచ్చింది. చూస్తుండగానే అంచులు ముడుచుకుని రంపపు పళ్లలా అయ్యాయి. పొడి గుడ్డతో తుడిచి మళ్లీ గీశాడు. మళ్లీ అంతే. మూడోసారి ఊపిరి బిగబట్టి గీశాడు. ఇంకా అధ్వాన్నంగా వచ్చింది.

ముసలాయన కుంచె దించి, తన చేతిని ఎదుటివాడి చేతిలా కాసేపు చూసుకున్నాడు.

"నేను ముందే చెప్పానమ్మా ఒదీలియా. వణుకుతోంది. ఈ చెయ్యి అయిపోయింది." కుంచెలన్నీ పెట్టెలో సర్ది, పెట్టె తీసుకెళ్లి షెడ్డు పక్కనున్న చెత్త డ్రమ్ములో పడేశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన నడక ఇంకో పదేళ్లు ముసలిదైంది.

"పోనీలెండి డోన్ నసారియో, పేరు లేకుండానే వెళ్తాం" అని ఒదీలియా ఏడ్చేసింది.

బెలోని ఎవరూ చూడటం లేదు. ఎవరికీ అనుమానం కూడా లేదు. నోరు మూసుకుంటే చాలు, రెండు నెలల్లో వాక్స్ దానంతటదే పోతుంది, ఈ సంగతి లోకంలో ఎవడికీ తెలియదు. కానీ ఈ ముసలాయన రేపటి నుంచి ఆ చేతిని చూసుకుంటూ కూర్చుంటాడు. బెలో వెళ్లి ఆయన ముందు నిలబడ్డాడు.

"మీ చెయ్యి కాదు. వాక్స్."

"ఏం వాక్స్?"

"డిక్కీ మీద. నిన్న సాయంత్రం పూశాను."

"వద్దన్నాను కదా!" ఒదీలియా అరిచింది.

"అన్నావు కొమాద్రె."

నసారియో రేకు మీద వేలు రాసి వాసన చూశాడు. ఇంకో చోట రాసి మళ్లీ చూశాడు. అప్పుడు మొదలైంది.

"ఒరేయ్ గాడిదా! దొంగ సచ్చినోడా! పావుగంట నుంచి నన్ను నేనే పూడ్చిపెట్టుకుంటున్నాను కదరా ఇక్కడ! నువ్వేమో గొయ్యి పక్కన గుడిసె గుంజలా నిలబడి చూస్తావా?" తిడుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, పైగా నవ్వు. "నిలబడ్డావేం? నా పెట్టె తియ్యి!"

బెలో భుజం దాకా చెయ్యి డ్రమ్ములో దూర్చి, కోడిగుడ్డు పెంకుల కింద నుంచి పెట్టె తీశాడు. కుంచెలు ఒక్కొక్కటే కడిగిచ్చాడు. డిక్కీని థిన్నర్‌తో మూడుసార్లు తుడిచాడు. నసారియో వంగాడు. ఆయన చెయ్యి నిజంగానే వణుకుతోంది, బెలో చూశాడు. కుంచె రేకును తాకగానే ఆ వణుకు ఆగిపోయింది. డెల్ఫీనో కింతానా అన్న పేరు ఎక్కడా తెగకుండా వచ్చింది. చివరి అక్షరం తోక తిప్పేటప్పుడు ఒదీలియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పదకొండింటికి ఊరి మధ్యలో కార్లు వరసకట్టాయి. కొత్త రంగు ఆరే దాకా దాని దగ్గర వాక్స్ పూయకూడదు. కాబట్టి ఇంపాలా అంతా మెరుస్తోంది, డిక్కీ మాత్రం కళ తప్పి ఉంది.

"ఏంటి బెలో, ముసలోడివయ్యావా? డిక్కీ మర్చిపోయావ్?" అన్నారు రోడ్డు పక్కన కుర్చీలేసుకుని కూర్చున్నవాళ్లు. అందులో ఇద్దరు అతని పాత గిరాకీలే.

బెలో నోరు తెరిచేలోపే నసారియో అందుకున్నాడు. కథంతా చెప్పాడు. చుట్టూ జనం పెరిగేకొద్దీ మళ్లీ మళ్లీ చెప్పాడు. మూడోసారికి ఉల్లిపొర పూత బొటనవేలంత మందమైంది. నాలుగోసారికి బెలో దాన్ని గరిటెతో పూశాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఇంతలో ఒకామె ముందుకొచ్చింది. "డోన్ నసారియో, మా నాన్న పేరు మీ చేత రాయించాలని ఏడాదిగా అనుకుంటున్నాను. మీరు మానేశారన్నారే?"

"మానేశానని ఏ వెధవ చెప్పాడు? సోమవారం కారు తీసుకురా" అని నసారియో ఆమె కోసం కథ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు, ఈసారి వీధి అవతలికి కూడా వినపడేలా. గిరాకీలిద్దరూ తన వైపే చూస్తున్నా, ఆయన పూర్తి చేసేదాకా ఆగకుండా బెలో చెయ్యి పైకెత్తాడు.

"నేనే. ఆయన చెయ్యి కాదు, నేనే."