ఆఖరి బస్సు ఎన్నింటికి

మా అక్క బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెబుతుంది. ఊరంతటికీ ఆ గొంతు తెలుసు, మనిషి మాత్రం తెలియదు. గొంతులో చిన్న బుడిపె తీసి, నెల రోజులు నోరు మెదపవద్దన్నాడు డాక్టరు. నెల ఎప్పుడో దాటిపోయింది. అక్క మాత్రం పెదవి విప్పదు. గొంతు మారి ఉంటే మైకు దగ్గర్నుంచి లేపి సామాన్ల గదిలో కూర్చోబెడతారు. ఆ సంగతి తేలకపోతేనే నయమని నాకు కాగితం మీద రాసి చూపించింది. సోమవారం డ్యూటీలో చేరాలి.

బావ టైలరు. ఆదివారం అక్కనూ చెల్లెలినైన నన్నూ వెంటబెట్టుకుని తాను పుట్టి పెరిగిన నది లోయకు నడకకు తీసుకెళ్ళాడు. గాలి మారితే గొంతు దానంతటదే వస్తుందని ఆయన వైద్యం. ఆయన నోటికి తాళం ఉండదు. ప్రతి మలుపు దగ్గరా తాను చిన్నప్పుడు ఎక్కడ జారిపడ్డాడో చెబుతూనే ఉన్నాడు.

కొండల మీద మంచు విడిపోయింది. రాళ్ళ మధ్య తెల్లగా ఉరికే నీళ్ళు వంపు తిరిగాక పచ్చగా నెమ్మదించాయి. అక్క నీళ్ళలో పాదాలు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఏదో అనబోయి మానేసింది.

సాయంత్రం వంతెన దగ్గర ఒక ముసలి జంట ఎదురై, పట్నానికి ఆఖరి బస్సు ఎన్నింటికని అడిగారు. ఏడింటికని బావ తడుముకోకుండా చెప్పేశాడు.

"ఆరున్నరకి," అంది అక్క. "ఏడింటి బస్సు ఆదివారం ఉండదండీ. వంతెన దాటి అవతల నిలబడండి."

గొంతు బొంగురుగా వచ్చింది. పాత తీపి లేదు. ముసలాయన తలూపి, భార్య చెయ్యి పట్టుకుని వంతెన ఎక్కాడు. వాళ్ళు అవతల సరిగ్గా బస్సాగే చోట నిలబడేదాకా అక్క చూస్తూనే ఉంది.

"వాళ్ళకి అర్థమైందే," అంది నాతో. కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను.

ఆరున్నర బస్సులో అక్క కండక్టరుతో కూడా మాట్లాడింది. నేను బావ పక్కకు జరిగి కూర్చున్నాను.

"ఇక్కడే పుట్టి పెరిగారు, మీకు ఆఖరి బస్సు ఎన్నింటికో తెలీదా బావా?"

బావ నవ్వు దాచుకుంటూ కిటికీ వైపు తిరిగాడు. ఆ రోజంతటిలో ఆయన నోరు మూసుకున్నది అప్పుడే.